ఏడవని తగరం

ఒక ఇంట్లో రెండు పొయ్యిలు రాజుకున్నాయంటే ఆ కాపురం సంగతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ మంగళవారం పొద్దున రజియా నిద్రలేచి, ఎనిమిదో నెల కడుపు బరువుకు నడుం పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి, వంటింటి కప్పులోంచి ఒక పొగ, దానిమ్మ చెట్టు పక్కనుంచి ఇంకో పొగ లేస్తున్నాయి. లోపలి పొయ్యి మీద రాగి గిన్నెలో అన్నం ఉడుకుతోంది. బయట మూడు రాళ్లు పేర్చి, వాటి మీద కొత్త మట్టికుండ పెట్టి, వాళ్ల అమ్మీ నన్నే బీ మరో అన్నం వండుతోంది. ముఖం మాత్రం ఏమీ జరగనట్టే ఉంది.

రజియాకు పెళ్లయి ఏడాది. అత్తవారిది బాలాపూర్. తొలి కాన్పుకని ముందురోజు సాయంత్రమే ఇబ్రహీంపట్నంలోని పుట్టింటికి వచ్చింది. ఇంటికి పోగానే అమ్మీ ఒక పక్క, అబ్బాజాన్ ఒక పక్క కూర్చోబెట్టుకుని ముద్దు చేస్తారని దారంతా మురిసిపోతూ వచ్చింది. తీరా వచ్చాక ఇద్దరూ తనతో మాట్లాడారు గానీ, ఒకరితో ఒకరు ఒక్క మాటా మాట్లాడలేదు. మొగుడూ పెళ్లాల అలక, తెల్లారితే పోతుందిలే అనుకుని పడుకుంది. తెల్లారితే ఇదిగో, రెండు పొయ్యిలు.

"ఇదేంది అమ్మీ, ముగ్గురికి రెండు వంటలా?"

"నీకు నాకు ఒకటి. ఆయనకు ఒకటి."

"ఎందుకట్ల?"

"మొకం కడుక్కోని ముందుగాల తిను. తిన్నంక చెప్త."

వాళ్ల అబ్బాజాన్ లాల్ మహమ్మద్ గిన్నెలకు కళాయి పూసేవాడు. రాగి, ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత లేకపోతే పులుపు తగిలి చిలుము పడుతుంది, ఆ చిలుము కడుపులోకి పోతే మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఏడాదికోసారైనా గిన్నెను నిప్పుల మీద కాల్చి, నవసాగరం పొడి చల్లి, తగరం కడ్డీ రుద్ది, దూదితో తుడిచి అద్దంలా చేయాలి. వాళ్ల తాత చేశాడు, తండ్రి చేశాడు, లాల్ మహమ్మద్ చేస్తున్నాడు. ఆయనది చెయ్యి. కానీ ఆ పనికి నోరు నన్నే బీది. వాడవాడా తిరిగి, గడప గడపకూ ఆగి గిన్నెలు తెచ్చేదీ ఆమే, మళ్లీ ఇచ్చి వచ్చేదీ ఆమే. ఆడవాళ్లు తమ పెళ్లినాటి గిన్నెలను మగవాడి చేతికి ఇవ్వరు. నన్నే బీ చేతికైతే లెక్క కూడా పెట్టుకోకుండా ఇస్తారు.

అన్నం తిన్నాక నన్నే బీ కూతుర్ని చాప మీద కూర్చోబెట్టింది.

"సుక్కమ్మ మనుమరాలు మారెమ్మ యాదికున్నదా నీకు?"

"చెరువు కట్ట కింద చాపలు పట్టేటోళ్ల పిల్ల. గుండు గుండుగ ఉంటది. ఎందుకు యాదికి లేదు?"

"ఇప్పుడు గుండుగ లేదు. రెండు నెలలసంది కడుపునొప్పని ముడుసుకొని పంటున్నది. తిన్నది ఇముడుతలేదు. దవాఖానకు తీస్కపోతే, ఏ గిన్నెల వండుతున్నరని అడిగిండట డాక్టర్ సాబ్. సుక్కమ్మ పోయిన బుధవారం పిల్లను సంకనేసుకొని నా తానకొచ్చింది. కొట్లాటకు రాలే. మెల్లగనే అడిగింది. 'చింతపులుసు పోస్తే గిన్నె నల్లబడుతున్నది నన్నేబీ, లాలన్న కళాయిల ఏమన్న కలిసిందా' అని."

"నువ్వేమన్నవ్?"

నన్నే బీ కాసేపు చేతుల వంక చూసుకుంది. "నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేండ్ల సంది నేను మోసిన గిన్నెలు, ఒక్కనాడు ఒక్కరు మాట అనలే. గా పిల్ల తల మీద చెయ్యి పెట్టిన. 'ఈ పిల్ల మీద ఒట్టు, మా ఇంటి కళాయిల ఖోటు లేదు' అన్న."

ఆ ఊళ్లో దేవుడి మీద ఒట్టేస్తే ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పసిపిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తే మాత్రం ఇక ఎదురు మాట ఉండదు. అబద్ధపు ఒట్టు వేసినవాళ్లను ఏమీ చేయదని, ఎవరి తల మీద వేశారో ఆ తలనే తింటుందని హిందువులకూ ముసల్మానులకూ అక్కడ ఒకటే నమ్మకం. సుక్కమ్మ మారు మాట్లాడకుండా కళ్లు తుడుచుకుని, ఉత్త పుణ్యానికి అనుమానపడ్డానని దండం పెట్టి మరీ వెళ్లిందట.

"ఆమె పోయినంక నాకేమనిపించిందో, కొట్టంలకు పోయి మీ అబ్బాజాన్ కడ్డీలు తీసిన. ఒక్కొక్కటి చెవి కాడ పెట్టుకొని వంచిన."

అది రజియాకు చెప్పనక్కర్లేదు. కళాయి ఇంట్లో పుట్టిన పిల్లలకు అదే మొదటి ఆట. అచ్చమైన తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే కిర్రుమని సన్నగా చప్పుడు చేస్తుంది. తగరం ఏడుస్తోందంటారు ఆ ఇంట్లో. సీసం కలిస్తే ఆ ఏడుపు ఆగిపోతుంది. మెత్తగా, మూగగా వంగిపోతుంది.

"ఒక్కటి గూడ ఏడ్వలే, బేటీ," అంది నన్నే బీ. "ఆయన్ను అడిగిన. కలిపిన అన్నడు. సుక్కమ్మకు పోయి చెప్పు అన్న. చెప్తే ఈ ఊర్ల తల ఎట్ల ఎత్తుకోవాలె అన్నడు. గంతే. ఇంక నేను అడగలే. శుక్రవారం నాడు మీ ఆజం మామూ మీర్‌పేట నుంచి బండి కట్టుకొని వస్తడు. జుమ్మా నమాజు అయినంక కాజీ సాబ్ ఇంటికి పోతం. నేను ఖులా తీస్కుంట. నీ కాన్పు మామూ ఇంట్ల చేస్త, ఫికర్ చెయ్యకు."

ఖులా అంటే ఆడది తనంతట తాను నిఖాను విడిపించుకోవడం. ఆ మాట రజియా ఎవరి ఇంటి గురించో విన్నది గానీ, తన తల్లి నోట వింటానని కలలో కూడా అనుకోలేదు. బిడ్డను ఎత్తుకుని చూపించడానికి ఒక ఇల్లు ఉండాలనుకుని వచ్చింది. ఆ ఇల్లు శుక్రవారానికి రెండు ముక్కలవుతుందట. కడుపులో బిడ్డ ఒక్కసారి గట్టిగా తన్నింది. రజియా ఏడవలేదు, లేచి నేరుగా కొట్టంలోకి పోయింది.

కొలిమి గుంటలో బూడిద చల్లబడి ఉంది. లాల్ మహమ్మద్ తిత్తి పక్కన గొంతుక్కూర్చుని, చేతిలో పటకారుతో నేల మీద గీతలు గీస్తున్నాడు. ఆయన చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు చిన్నప్పుడు రజియా లెక్కపెట్టేది. ఇప్పుడు ఆ చేతులు చూడబుద్ధి కాలేదు.

"చెప్పిందా మీ అమ్మీ?"

"చెప్పింది. ఎందుకు చేసినవ్ అబ్బాజాన్?"

ఆయన పటకారు కింద పెట్టాడు. అది లడాయి నడుస్తున్న కాలం. ఎక్కడో తూర్పు సముద్రాల అవతల జపానువాళ్లు ఊళ్లు పట్టుకుంటే, ఇబ్రహీంపట్నంలో తగరం కరువైంది. పట్నం పోయి బేగంబజారంతా తిరిగితే లడాయి అయ్యాక రమ్మన్నారు.

"లేదు అని చెప్పలేకపోయిన బేటీ," అన్నాడు. "మా తాత నాటి నుంచి మన గడపకు వచ్చిన గిన్నె ఉత్తగ మళ్లిపోలే. మీ అమ్మీ నెత్తి మీద పెట్టుకొని తెచ్చేది. ఆమె తెచ్చినంక, నా తాన తగరం లేదు, తిరిగి ఇచ్చి రా అని నా నోటితోని ఎట్ల అనాలె? మొదాలు జరంత కలిపిన. ఏం కాలే. ఇంకింత కలిపిన. మెరుపు గట్లనే వచ్చింది. ఎవ్వరు గుర్తు పట్టలే."

ఈయన చెడ్డవాడు కాదు. ఆ మాట రజియాకూ తెలుసు, నన్నే బీకీ తెలుసు. లేదు అన్న రెండక్షరాలు అనలేని మొహమాటం మంచివాడి చేత ఎంత పాడుపని చేయిస్తుందో ఆ పసిదాని కడుపునడిగితే చెబుతుంది. అయితే కూతురి మనసు కూతురి మనసే కదా. తండ్రి చెప్పిన దాంట్లో ఒక్క మాటే పట్టుకుంది రజియా. 'జరంత' కలిపాడు. జరంతకు ఇంత రాద్ధాంతమా? దాన్ని నిరూపిస్తే చాలు, బండి వెనక్కి మళ్లుతుంది.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆమె తన మూట విప్పి, అత్తవారింటి నుంచి తెచ్చుకున్న గిన్నె బయటికి తీసింది. పెళ్లికి అబ్బాజాన్ కళాయి పూసి ఇచ్చిన పది గిన్నెల్లో అదొకటి. వంటింటి గుమ్మంలో కూర్చున్న తల్లి ముందు, పీట మీద కూర్చున్న తండ్రి ముందు పెట్టింది.

"చూడు అమ్మీ. ఏడాది సంది దీంట్ల రోజు పులుసు కాస్తున్న. మా అత్త నిమ్మకాయ తొక్కు గూడ దీంట్లనే కలుపుతది. ఎక్కడన్న ఒక్క నల్ల మరక ఉన్నదా? సుక్కమ్మ గిన్నెకు పూసిన నెలల్నే దీనికి గూడ పూసింది కద. సుక్కమ్మ గిన్నె సరిగ తోముతలేదేమో. పిల్ల కడుపునొప్పికి ఇంకేం కారణమున్నదో ఏమో. నువ్వు ఉత్తగనే ఇల్లు ఇడిసి పోత అంటున్నవ్."

నన్నే బీ గిన్నెను ఒళ్లోకి తీసుకుంది. చీర కొంగు వేలికి చుట్టి లోపలంతా గట్టిగా రుద్దింది. కొంగు చూసుకుంది. మళ్లీ రుద్దింది. కొంగు తెల్లగానే ఉంది. రజియా ముఖం విప్పారింది. తల్లి మాత్రం గిన్నెను కింద పెట్టి, వారం రోజుల తరవాత మొదటిసారి భర్త కళ్లలోకి చూసింది.

"బిడ్డ గిన్నెలకు ఏం పూసినవ్?"

లాల్ మహమ్మద్ ముద్ద కంచంలోనే వదిలేశాడు. "గది వేరే కడ్డీ."

"వేరే అంటే?"

"అసలుది. నా బిడ్డ పెండ్లికని దాసి పెట్టిన. దాంట్ల ఏం కలపలే, అల్లా సాక్షి." ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో కాస్త ధైర్యం కూడా వచ్చింది, పాపం. దీన్నైనా మెచ్చుకుంటుందనుకున్నాడు.

రజియా కిందికి చూసింది. గిన్నె తళతళ మెరుస్తోంది. తను దేన్ని తెచ్చి తండ్రిని కాపాడబోయిందో అదే ఆయన్ను పట్టిచ్చింది.

"నేనొకటి అనుకున్న," అంది నన్నే బీ నెమ్మదిగా. "జరంత సీసం కలిస్తే ఏం కాదు అనుకొని కలిపినవనుకున్న. తెల్వక చేసినవనుకున్న. తెల్వక చేసినోన్ని ఎన్నటికన్న మాఫ్ చేద్దునేమో. నీ బిడ్డకు అసలుది పెట్టి, సుక్కమ్మ మనుమరాలికి సీసం పెట్టినవంటే నీకు తెలుసు. మొదటి దినం నుంచి తెలుసు."

"నన్నీ, ఇను..."

"సీసం ఏడికెంచి తెచ్చినవ్?"

ఆయన కంచంలోని ముద్దను పక్కకు జరిపాడు. "కొండల్ పాత వలల గుండ్లు. పారేస్తుంటే అడిగి తెచ్చుకున్న."

కొండల్ సుక్కమ్మ కొడుకు, ఆ మారెమ్మ తండ్రి. వల బరువుగా నీళ్లలోకి దిగాలని అంచులకు కట్టే సీసపు గుండ్లు అవి. నన్నే బీ నోటి మీద కొంగు పెట్టుకుంది. "వాళ్ల వలల సీసం వాళ్ల బువ్వల్నే పోసినవా," అని మాత్రం అంది. లేచి దానిమ్మ చెట్టు కిందికి పోయి, ఆరిపోయిన పొయ్యి ముందు కూర్చుంది. రజియా తల్లి వెనక పోలేదు, తండ్రి దగ్గర ఉండలేదు. ఇద్దరి మధ్య గుమ్మంలో నిలబడి, పెద్దగా ఏడ్చింది.

బుధవారం నాడు నన్నే బీ లాల్ మహమ్మద్‌కు అన్నం పెట్టేది పెట్టింది, ఆయన తినేది తిన్నాడు. నన్నే బీ తన బట్టలు నాలుగు మూట కట్టింది. గోడకు తగిలించిన పెళ్లినాటి ఎర్ర దుపట్టా మాత్రం తీయలేదు, వదిలేసి పోతున్నట్టు చూసింది. రజియాకు అన్నం సహించలేదు. తన మెరిసే గిన్నె వైపు చూస్తే పక్కన ఆ పిల్ల ముడుచుకుని పడుకున్నట్టే అనిపించేది.

గురువారం పొద్దున వాకిలి ఊడుస్తుంటే దానిమ్మ చెట్టు వెనక బోర్లించిన ఇత్తడి గిన్నె ఒకటి కనిపించింది రజియాకు. లోపల నల్లటి మచ్చలు. సుక్కమ్మదని వెంటనే తెలిసిపోయింది.

"ఇది ఈడికెట్ల వచ్చింది అమ్మీ?"

"తెచ్చిన. ఇంక దాంట్ల వండనిస్తనా? వారం నుంచి వాళ్లు మట్టికుండలనే వండుతున్నరు. గది గూడ నేనే కొనిచ్చిన."

"ఏం చెప్పి తెచ్చినవ్?"

నన్నే బీ గడప మీద సున్నపు చుక్క ఏదో ఉన్నట్టు వేలితో గీరింది. "మళ్ల పూపిచ్చి ఇస్త అన్న. పూత పాతదైంది అన్న."

"అంటే అబద్ధం చెప్పినవ్."

"ఇంకేం చెప్పాలె? పిల్ల తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన నోటితోని, గది తప్పని ఎట్ల చెప్పాలె? పోయిన. గడపల నిలబడ్డ. సుక్కమ్మ ఎంత మంచిగ మాట్లాడిందో నీకు తెల్వది. నోరు రాలే."

రజియా చీపురు పక్కన పెట్టి తల్లి ఎదుట కూర్చుంది. కష్టంగా కూర్చుంది, ఎనిమిదో నెల కదా. "అబ్బాజాన్‌కు లేదు అన నోరు రాలే. నీకు అవ్ అన నోరు రాలే. నువ్వు మీర్‌పేట పోతే సుక్కమ్మకు నిజం ఎవరు చెప్తరు అమ్మీ? నీ ఒట్టు ఈన్నే ఉంటది కద, గా పిల్ల నెత్తి మీద."

"అవ్, కన్నతల్లికే పంచాయితి చెప్పెటంత పెద్దదానివైనవ్," అని కసిరింది నన్నే బీ. కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. భుజాలు కదులుతున్నాయి.

ఆ మధ్యాహ్నమే రజియా తన గిన్నె తీసుకుని కొట్టంలోకి పోయింది. తండ్రి ముందు పెట్టింది.

"ఇది నాకొద్దు అబ్బాజాన్."

"గట్లనకు బేటీ. దీంట్ల ఖోటు లేదు. నీ బిడ్డకు పాలు కాసిచ్చేటందుకు..."

"ఖోటు లేదు కాబట్టే వద్దు. దీంట్ల తింటే ముద్ద దిగుతలేదు."

లాల్ మహమ్మద్ ఆ గిన్నెను రెండు చేతులతో పట్టుకుని కూర్చుండిపోయాడు. పెళ్లాం వదిలి పోతానంటే వంచుకోని తల ఆ మాటకు వంగింది. కూతురు బయటికి వస్తుంటే వెనక నుంచి మూలుగు లాంటిది వినిపించింది. రజియా తిరిగి చూడలేదు. చూస్తే తను మెత్తబడిపోతానని ఆమెకు తెలుసు.

శుక్రవారం తెల్లారేసరికి కొట్టం ఖాళీగా ఉంది. తిత్తి లేదు, పటకారు లేదు, బొగ్గుల సంచి లేదు. దానిమ్మ చెట్టు వెనక సుక్కమ్మ గిన్నె కూడా లేదు. జుమ్మా నమాజు కాగానే నన్నే బీ తమ్ముడు ఆజం బండి తోలుకుని వచ్చాడు. ఇల్లంతా కలియజూసి మీసం దువ్వుకున్నాడు.

"సామాను సర్దుకొని పారిపోయిండు, చూసినవా అక్కా. మొగోడైతే కాజీ సాబ్ ముందట నిలబడాలె కద. పోనీ తియ్, కాజీ సాబే మనిషిని పంపి పట్టుకొస్తడు."

నన్నే బీ వాకిట్లోంచి ఖాళీ కొట్టం వైపు చూసి, మూట తీసుకుని బండెక్కింది. రజియాను జాగ్రత్తగా ఎక్కించారు. మిట్టమధ్యాహ్నం దాటింది. కాజీ సాబ్ ఇంటికి చెరువు కట్ట కింది వాడ మీదుగానే పోవాలి. ఎండకు వలలు ఆరేసిన వాసన దూరం నుంచే వస్తోంది. నన్నే బీ ఆ వాసన తగలగానే ముసుగు ముఖం మీదికి లాక్కుంది. సుక్కమ్మ గడప ముందు నుంచి పోవడం ఆమెకు ఎంత కష్టంగా ఉందో రజియాకు తెలుస్తూనే ఉంది.

వాడ మలుపులో ఆజం ఎద్దులను ఆపేశాడు. దారికి అడ్డంగా జనం. వీధి నడిమధ్యలో గుంట తవ్వి ఉంది, గుంటలో బొగ్గులు ఎర్రగా మండుతున్నాయి. పక్కన పదిహేనో ఇరవయ్యో గిన్నెలు కుప్పగా పోసి ఉన్నాయి. నడుమ లాల్ మహమ్మద్. కూతురి గిన్నె ఆ కుప్పలోనే, అన్నింటితో పాటే ఉంది. కాలితో తిత్తి తొక్కుకుంటూ, ఒక చేత్తో గిన్నె కాలుస్తూ, కరిగిన పూతను దూదితో తుడిచి నేల మీద పారేస్తున్నాడు. పొద్దుటి నుంచి ఒంటరిగా చేస్తున్నట్టున్నాడు, చొక్కా అంతా ఒంటికి అతుక్కుపోయింది, ఎడమ అరచెయ్యి బొబ్బలెక్కింది. తుడిచిన గిన్నెలు రాగి రాగిగా, ఇత్తడి ఇత్తడిగా, వెలవెలబోతూ వరసలో ఉన్నాయి.

సుక్కమ్మ ఆయన ఎదుట నిలబడి ఉంది. కొప్పు ఊడిపోయింది. గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"అన్నా అన్నా అని పిలిసిన కదరా! నా పిల్ల బువ్వల విషం పోసినవా? నీ చేతులు పడిపోను! మా వలల గుండ్లు నేనే ఇచ్చిన కదరా, నా చేతులతోని ఇచ్చిన కదరా!"

"అవ్, పోసిన," అన్నాడు లాల్ మహమ్మద్. తల ఎత్తే అన్నాడు. "తెలిసే పోసిన. నా బిడ్డ గిన్నెలకు అసలుది పూసిన, మీ గిన్నెలకు సీసం పూసిన. నా తాన తగరం లేదు సుక్కమ్మా. ఎప్పుడొస్తదో తెల్వది. వచ్చేదాక ఎవ్వరు గీ గిన్నెల పులుసు కాయొద్దు, మట్టికుండల వండుకోండ్రి. తగరం లేదు."

బండిలో నన్నే బీ ముసుగు వెనక్కి తోసేసింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మనిషి నోట 'లేదు' అనే మాట ఆమె మొదటిసారి విన్నది. అదీ నలుగురి నడుమ, ఎండలో నిలబడి. సుక్కమ్మ వంగి దోసెడు దుమ్ము ఎత్తి ఆయన ముఖాన కొట్టింది. ఆయన తుడుచుకోలేదు.

నన్నే బీ బండి దిగబోయింది.

"ఎటు పోతున్నవ్ అక్కా? కాజీ సాబ్ ఎదురు చూస్తుంటడు," అని ఆజం చెయ్యి పట్టుకున్నాడు.

"ఇడువు," అంది ఆమె.

జనం దారి ఇచ్చారు. నన్నే బీ పోయి భర్త పక్కన నిలబడింది. ఆయన వైపు చూడలేదు. సుక్కమ్మ చేతిలో రెండో దోసెడు దుమ్ము అలాగే ఉంది.

"తప్పు మా ఇంటిది సుక్కమ్మా," అంది. "తిట్టేటిది ఉంటే ఇద్దర్ని కలిపి తిట్టు. ఈయన సీసం పూసిండు. నేను నీ పిల్ల తల మీద అబద్ధపు ఒట్టేసిన. వేసేనాడు తెల్వది, గా దినం పొద్దుగూకకముందే తెలిసింది. తెలిసినంక గూడ నీకు చెప్పలే. పాత పూత అని అబద్ధం చెప్పి గిన్నె తీస్కపోయిన. ఈయననొక్కణ్ణే దొంగ అనుకుంట మీర్‌పేట పోతున్న."

సుక్కమ్మ దుమ్ము కింద పారబోసింది. అంతసేపూ అరిచిన మనిషి ఇప్పుడు గుసగుసగా అంది. "నువ్వు గూడనా నన్నేబీ? డాక్టర్ గిన్నె మీద అనుమానపడ్డా ఇనలే, నీ మాటే నమ్మిన."

"అవ్," అంది నన్నే బీ. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. "నమ్మినవ్. గందుకే ఎక్కువ తిట్టు."

మారెమ్మ గడప మీద కూర్చుని ఉంది. కాళ్లు పుల్లల్లా ఉన్నాయి గానీ, వారం నుంచి మట్టికుండ తిండి తిన్నందుకో ఏమో, ఆ రోజు తనంతట తాను లేచి వచ్చి కూర్చుంది. ఇంతమంది ఎందుకు ఏడుస్తున్నారో తెలియక బిక్కముఖం వేసుకుని చూస్తోంది. సుక్కమ్మ పిల్లను ఎత్తుకొచ్చి ఇద్దరి ముందూ నిలబెట్టింది.

"మీ మీద నా కోపం సచ్చేదాక పోదు. గది వేరే. ముందుగాల నా పిల్ల నెత్తి మీదికెంచి గా ఒట్టు తియ్యుండ్రి. ఒక్కదానివే కాదు నన్నేబీ. నువ్వు ఏసినవ్, ఆయన ఏపిచ్చిండు. ఇద్దరు తియ్యుండ్రి."

నన్నే బీ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. నూనె లేని ఆ చిన్న తల మీద చెయ్యి పెట్టింది. లాల్ మహమ్మద్ మసి చేతిని చొక్కాకు తుడుచుకున్నాడు, చాలదని మళ్లీ తుడుచుకున్నాడు. పక్కనే కూర్చుని, బొబ్బలెక్కిన అరచేతిని భార్య చేతి పక్కన, వేళ్లు తగిలీ తగలకుండా పెట్టాడు.

"ఒట్టు తీసి గట్టు మీద పెట్టిన," అంది నన్నే బీ.

"పెట్టిన," అన్నాడు ఆయన. ఊరివాళ్ల ముందు, ఆడవాళ్ల ముందు, పెద్ద మనిషి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. నన్నే బీ తన చెయ్యి పక్కకు తీయలేదు. అలాగే కాస్త జరిపి, ఆయన వేళ్ల మీద పెట్టింది.

బండిలో రజియా కడుపు పట్టుకుని ఏడుస్తోంది. తల్లీ తండ్రీ ఎప్పటిలా కలిసిపోవాలని కోరుకుంటూ నాలుగు రోజులు కొట్టుకులాడింది. ఇప్పుడు తెలిసింది, ఎప్పటిలాంటి ఇల్లు కాదు తనకు కావలసింది. అందరి గిన్నెలకూ ఒకటే పూసే ఇల్లు కావాలి. అలాంటి ఇంట్లో తన బిడ్డ పుట్టాలి.

ఆజం ఎద్దుల పగ్గాలు అటూ ఇటూ లాగి, "మరి కాజీ సాబ్‌కు ఏం చెప్పాలె అక్కా?" అని అరిచాడు.

"సలాం చెప్పు," అంది నన్నే బీ. కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. ఇంకా కింద కూర్చునే ఉన్న భర్తను చూసింది. "ఇంకెన్ని ఇండ్లున్నయ్?"

"మస్తున్నయ్. గీ వాడ గూడ సగమే అయింది."

"ముందుగాల ఎవరిది?"

"బాలనర్సమ్మది."

బాలనర్సమ్మ నోటి ముందు సుక్కమ్మ నోరు ఏ పాటిది? ఆ సంగతి ఇబ్రహీంపట్నంలో అందరికీ తెలుసు. నన్నే బీ ఒక నిట్టూర్పు విడిచి కొంగు నడుముకు చెక్కుకుంది.

"లే. పోదాం పా," అంది. ఇద్దరూ లేచి ఆ గడప వైపు నడిచారు.